నాయన బొగ్గేసిన పూట

మా నాయన పని చేస్తుండగా నేను మొదటిసారి చూసింది నా ముప్పై ఆరో ఏట. అదీ మా గుంతకల్లులో కాదు. ఇంగ్లండులో, లీసెస్టరుకు ఏడెనిమిది మైళ్ల అవతల, వానలకు చిత్తడిగా మారిన ఒక గడ్డిపొలంలో. అప్పటికి ఆయన రిటైరై నాలుగేళ్లయింది.

నాయన రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరాడు. ఆవిరింజన్లో బొగ్గు వేసే పని. ఫైర్‌మన్ అంటే మంటలు ఆర్పేవాడని మా క్లాసు పిల్లలు అనుకునేవాళ్లు. నేనూ దిద్దేదాన్ని కాదు. మసి పూసుకుని వచ్చేవాడి కూతురినని చెప్పుకోవడం కన్నా అదే బాగుందనిపించేది. డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆయన నేరుగా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. పెరట్లో బండ మీద కూర్చుంటే అమ్మ రెండు బకెట్ల నీళ్లు, బట్టల సబ్బు తెచ్చి పెట్టేది. మొదటి బకెట్టు నీళ్లు నల్లగా కాలవలోకి పోయేవి, రెండోవి బూడిద రంగులో. తర్వాత అన్నం తిని పడుకునేవాడు. ఆయనది పగటి నిద్ర కాబట్టి నేనూ చెల్లెలూ గుసగుసల్లోనే ఆడుకుంటూ పెరిగాం. ఒకసారి ఇంజన్ల షెడ్డు చూపించమని అడిగితే, "ఆడపిల్లోల్లకు ఆడేం పని?" అన్నాడు. మళ్లీ అడగలేదు. నేను కాలేజీలో చేరేసరికి ఆవిరింజన్లు పోయి డీజిలు వచ్చింది. నాయన గూడ్సుబండి డ్రైవరయ్యాడు, చొక్కాలు తెల్లబడ్డాయి. బొగ్గు సంగతి ఇంట్లో ఎవరూ తలుచుకోలేదు.

నేను లీసెస్టరులో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టును. మా ఆయన ఉద్యోగం బ్రాక్‌నెల్‌లో. సోమవారం పొద్దున్నే వెళ్లి శుక్రవారం సాయంత్రం వచ్చేవాడు. లండన్లో ఒలింపిక్స్ జరిగిన వేసవిలో నాయన ఆరు నెలలుండేలా మా దగ్గరకు వచ్చాడు. అమ్మ కూడా రావలసింది గానీ, చెల్లెలి కాన్పు దగ్గరపడటంతో హైదరాబాదులో ఆగిపోయింది.

ఆ ఏడు వేసవి అన్నది పేరుకే. జూన్, జూలై అంతా వాన. నా డ్యూటీ రోటా ప్రకారం నేను పొద్దున ఆరున్నరకు బయల్దేరితే నాయన హాలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను తిరిగొచ్చేసరికి అక్కడే ఉండేవాడు. టీవీ పెట్టేవాడు కాదు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పులని కింది గదిలోనే పడక. బయటికి పోయి నాలుగడుగులు వేసి రమ్మంటే, "ఎవరన్నా ఏమన్నా అడిగితే ఏం చెప్పల్ల పాపా? నాకొచ్చే ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషు" అనేవాడు. ఒకరోజు వాన వైపు చూస్తూ, "ఏం ఊరబ్బా ఇది, ఆకాశం వొచ్చి ఇంటి మింద కూచ్చుండాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత బాధేసింది. టికెట్టు ముందుకు జరిపించి పంపేద్దామా అని కూడా ఆలోచించాను.

జూలై మధ్యలో ఒకరోజు డ్యూటీ నుంచి నాలుగింటికి ఇంటికొచ్చాను. తలుపు తాళం వేసి ఉంది. లోపల సోఫా మీద ఆయన ఫోను ఉంది, ఆయన లేడు. మొదట పార్కులో చూశాను, తర్వాత బస్‌స్టాపులో, ఆ తర్వాత మూలమీది పోస్టాఫీసు కొట్లో. పక్కింటి గుజరాతీ ఆంటీ తలుపు తీసి, "మీ డాడీ మధ్యాహ్నమే అటు పోయారు, వెనక సందులోంచి. పిలిచాను, వినిపించుకోలేదు. ఎవరో లాక్కుపోతున్నట్టు పోయారు" అంది.

మా ఇళ్ల ఎస్టేటు ఊరి చివర. వెనక సందు దాటితే పొలాలే. ఆ గట్టు వెంబడి నేనెప్పుడూ నడవలేదు. ఆఫీసు బూట్లతోనే తడిగడ్డిలో పరుగులాంటి నడకతో వెళితే, పావుగంట తర్వాత ఒక పాత ఇటుకల షెడ్డు కనిపించింది. దాని కప్పులోంచి సన్నగా పొగ. పెద్ద తలుపులు రెండూ తీసి ఉన్నాయి. లోపల ఒక తెల్ల పెద్దాయన, ఒక పెద్దావిడ, వాళ్ల మధ్య చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, రెండు చేతులూ నల్లగా చేసుకుని, మా నాయన.

పెద్దాయన నన్ను చూసి, "ఈయన మీ మనిషేనా, మీ డక్?" అని అడిగాడు. ఆ ప్రాంతపు పాతకాలం మనుషులు ఎవరినైనా ఆప్యాయంగా అలాగే పిలుస్తారు. 'మై' అనడానికి వాళ్లు 'మీ' అంటారు. కొత్తలో నేను ఆ 'మీ'ని తెలుగుగా విని, మధ్యలో ఈ బాతు ఎవరిదా అని తికమకపడేదాన్ని. ఆ రోజు మాత్రం ఏడుపు ఆపుకుని తలూపాను.

అప్పుడు గానీ వాళ్ల వెనక ఉన్నదాన్ని నేను చూడలేదు.

రైలింజనును పట్టాల మీంచి దించి, దానికి ఇనుప చక్రాలు తొడిగి పొలంలోకి వదిలినట్టుంది. పొడవాటి నల్లని బాయిలరు, ముందు నిటారుగా పొగగొట్టం, వెనక నా తలకన్నా ఎత్తైన రెండు చక్రాలు. పక్కనున్న ఫ్లైవీలు అనే బరువైన చక్రం చప్పుడు లేకుండా తిరుగుతోంది. బాయిలరు ఇత్తడి పట్టీలో షెడ్డు తలుపు, తలుపులో ఆకాశం, ఆకాశంలో నేను ఒంగి కనిపిస్తున్నాం. ఇంజను ఒళ్లంతా వెచ్చగా ఉంది. దగ్గరకు వెళితే ఆ వేడి ముఖానికి తగిలింది. లోపలెక్కడో నీళ్లు కూనిరాగం తీస్తున్నాయి. పడుకున్న పెద్ద గేదె పక్కన నిలబడితే దాని ఊపిరి మనకు తెలుస్తుంది చూడండి, అలా ఉంది.

"బొగ్గు వాసనొచ్చింది పాపా" అన్నాడు నాయన, తప్పు చేసినవాడిలా. "కిటికీ తీస్తానే వొచ్చింది. రవంత నూనె వాసన గూడా. ఊరికే నడుచుకుంటా వస్తిని."

జరిగింది పెద్దావిడ చెప్పింది. బాయిలరులోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టరు ఆ రోజు మొండికేసిందట. ఎంత తిప్పినా నీళ్లు లోపలికి పోకుండా కింద కారిపోతున్నాయట. నాయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని అరగంట నిలబడ్డాడట. దారి తప్పిన మనిషేమో అనుకున్నారు వాళ్లు. ఉన్నట్టుండి లోపలికొచ్చి, మూలనున్న బకెట్టు తీసుకుని, ఇంజెక్టరు వైపు వేలు చూపించి, "హాట్. టూ హాట్. వాటర్ పోర్" అన్నాడట. పెద్దాయన సరేనన్నాడు. చన్నీళ్లు దాని మీద పోసి, కొద్దిసేపాగి, నాయనే పిడి తిప్పాడు. అది సన్నగా ఈలవేసి నీళ్లు పట్టుకుంది.

"నాకా కిటుకు తెలుసు" అన్నాడు పెద్దాయన. "అరగంటగా అది నాకు గుర్తు రాలేదు, అంతే. మా ఆవిడ ఇప్పటికే రెండుసార్లు నవ్వింది."

వాళ్లిద్దరికీ డెబ్బై దాటాయి. ఆయన ట్రాక్టర్లు, కోత మిషన్లు బాగుచేస్తూ జీవితం గడిపిన మెకానిక్. ఇంజను మాత్రం ఆవిడది. ఆవిడ తాత కొన్నాడు. ట్రాక్షన్ ఇంజను అంటారు దాన్ని. ట్రాక్టర్లు రాకముందు, కోతలయ్యాక ఊరూరూ తిరిగి నూర్పిడి మిషన్లను నడిపింది, కొట్టేసిన చెట్ల మొద్దులు లాగింది. దాన్ని నడపడానికి ఇద్దరు కావాలి, ఒకరు డ్రైవరు, ఒకరు స్టీరింగు పట్టేవాళ్లు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన డ్రైవరు, ఆవిడ స్టీరింగు.

మర్నాటి నుంచి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. నాయన పొద్దున్నే దోసె తిని షెడ్డుకు పోయేవాడు. వాళ్లు మాట్లాడుకునే భాష నాకు అర్థమయ్యేది కాదు. రెగ్యులేటర్, డ్యాంపర్, గేజ్ గ్లాస్. ఒక మాట అనడం, ఇద్దరూ దాని వైపు చూడటం, తల ఊపడం. మధ్యలో మౌనం. అలా మూడు గంటలు గడిచిపోయేవి. బొగ్గు గురించి మాత్రం నాయన ఇంటికొచ్చి నాకు తెలుగులో చెప్పాడు. "ఇది ఏల్సు బొగ్గంట పాపా. బూడిదే లేదు! మాకిచ్చే బొగ్గులో సగం రాళ్లే. నాలుగు స్టేషన్లు పోతే పొయ్యి నిండా చిట్టెం కట్టేది. ఇట్లాంటి బొగ్గు చేతికొచ్చింటే..." అని ఆపేశాడు. వేల్సు బొగ్గు ముక్క ఒకటి జేబులో వేసుకొచ్చి నా వంటింటి గట్టు మీద పెట్టాడు. నల్లగా, అద్దంలా మెరుస్తోంది.

ఆగస్టు చివర పక్క ఊళ్లో రైతుల షో ఉంది. పశువుల పోటీలు, జామ్ సీసాల పోటీలు, గొర్రెల బొచ్చు కత్తిరించడం, అన్నిటికన్నా పెద్దది ట్రాక్టర్ పుల్లింగు. పాత ఇంజన్లను వరసగా నిలబెట్టి జనానికి చూపిస్తారు కాబట్టి మా పెద్దాయన దంపతులూ బయల్దేరారు. ఇంజను రోడ్డు మీద మనిషి నడకంత వేగంతో పోతుంటే, నేనూ నాయనా వెనక కారులో హజార్డ్ లైట్లు వేసుకుని నాలుగు మైళ్లు గంటన్నరలో పోయాం. మా వెనక ఇరవై కార్లు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఇళ్లలోంచి జనం గేట్ల దగ్గరకొచ్చి చూశారు. ఒక ముసలాయన టోపీ తీశాడు.

ఆ వారమంతా వాన కురిసి ఆ రోజే తెరిపిచ్చింది. పొలం గేటు దగ్గర గడ్డి పరిచారు గానీ, మధ్యాహ్నానికి ఆ గడ్డి కూడా బురదలో కలిసిపోయింది. ట్రాక్టర్ పుల్లింగు అంటే ట్రాక్టరుకు ఒక పెద్ద ఇనుప బండిని కట్టి లాగించడం. స్లెడ్జ్ అంటారు దాన్ని. ముందుకు పోయేకొద్దీ దాని మీది బరువు ట్రాక్టరు వైపు జరుగుతుంది, ముందు భాగం నేలలోకి దిగబడుతుంది. ఎక్కువ దూరం లాగినవాళ్లు గెలిచినట్టు. ఒక్కో ట్రాక్టరు నల్లపొగ కక్కుతూ, చెవులు చిల్లులు పడేలా అరుస్తూ పోతుంటే జనం కేకలు. నాయన రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, "ఇంత అరుపు ఏంటికి పాపా?" అన్నాడు.

నాలుగో ఐదో ట్రాక్టరప్పుడు జరిగిందది. సగం దూరం పోయాక స్లెడ్జ్ ఒక పక్కకు ఒరిగి, ఆ మెత్తని నేలలోకి కూరుకుపోయింది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కాడు. ట్రాక్టరు వెనక చక్రాలు తామే గొయ్యి తవ్వుకుని ఇరుసుదాకా దిగిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకో ట్రాక్టరును తెచ్చి ముందు కట్టారు. అదీ జారుతూ జారుతూ దిగబడింది. మూడోది దగ్గరకే పోలేకపోయింది. మైకులో మాట్లాడేవాడు జోకులు వేసి వేసి ఊరుకున్నాడు. ఆకాశం మళ్లీ మూసుకొస్తోంది.

నిర్వాహకుడు ఒకాయన బురదలో ఈదుకుంటూ మా దగ్గరకొచ్చి, ఇంజను వైపు చూసి, పెద్దాయన వైపు చూశాడు. "దీని ఇనుప తాడు ఇంకా పని చేస్తుందా?"

ఇంజను వెనక ఇరుసుకు ఒక డ్రమ్ము, దానికి చుట్టిన ఇనుప తాడు ఉంటాయి. ఇంజను కదలకుండా ఒకచోట నిలబడి, ఆ తాడు చుట్టుకుంటూ దూరంగా ఉన్న బరువును లాక్కోవచ్చు. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "పని చేస్తుంది. కానీ అంత బరువు మధ్యలో ఆపకుండా లాగాలి. ఒక్కసారి ఆవిరి తగ్గిందంటే మళ్లీ మొదటికే. నేను లీవరు దగ్గర చేయి తీయలేను. పొయ్యి ఎవరు చూస్తారు?"

పెద్దావిడ తల తిప్పి మా నాయన వైపు చూసింది. పెద్దాయన కూడా చూశాడు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

"మీ నాన్నను అడుగు, మీ డక్."

నేను అడగడానికి ముందే నాయన స్వెటర్ విప్పుతున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. జేబులోంచి తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు. ఆ తువ్వాలు ఎప్పుడు జేబులో పెట్టుకున్నాడో నాకు తెలియదు. "నాయనా, నీ మోకాళ్లు..." అన్నాను. ఆయన వినిపించుకోలేదు. పిడి పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఒళ్లు ఒక్కసారి ఊపి పైకెక్కాడు. మా ఇంట్లో పన్నెండు మెట్లెక్కలేని మనిషి.

ఇంజనును కంచె పక్కనున్న గట్టి రాళ్లదారి మీదికి తీసుకెళ్లి నిలబెట్టారు. చక్రాల కింద రైలు స్లీపర్లలాంటి మొద్దులు అడ్డం పెట్టారు. చక్రాలకు, ఇరుసుకు మధ్య ఉన్న మేకులు తీసేశారు, ఇక డ్రమ్ము మాత్రమే తిరుగుతుంది. తాడు లాక్కెళ్లి స్లెడ్జ్‌కు తగిలించారు. తెగితే ప్రమాదమని జనాన్ని చాలా దూరం జరిపారు. పెద్దావిడ ఒక పక్కగా, డ్రైవరుకు కనిపించేలా నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. నేను మాట అందించడానికి ఇంజను పక్కనే, పెద్ద చక్రం చాటున ఉన్నాను.

నాయన పొయ్యి తలుపు తీశాడు. పార తిరగేసి, మంటలోకి కొంచెం చొప్పించి, దాని అంచు వెంబడి లోపలికి తొంగిచూశాడు. ఎక్కడ పలచబడిందో అలా చూస్తే తెలుస్తుందట. పొడవాటి ఇనుప చువ్వ తీసుకుని రెండు చోట్ల కదిపాడు. తర్వాత బొగ్గు. పారనిండా కాదు, సగం సగం. ఒకటి ఎడమ మూలకు, ఒకటి కుడి మూలకు, ఒకటి తలుపు కిందికి. మణికట్టు చిన్నగా తిరిగేది, బొగ్గు ఆయన చెప్పినచోటికి పోయి పడేది. తలుపు మూసి, పెద్దాయనకు ఐదు వేళ్లు చూపించాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు పెద్దాయన.

"ఐదు నిమిషాలు ఆగమంటున్నాడు."

ఆగాం. మైకువాడు ఇంకా ఎంతసేపని ఒకసారి అడిగాడు. వానచినుకులు బాయిలరు మీద పడి ఆవిరవుతున్నాయి. నాయన గేజి వైపు చూడలేదు, పొగగొట్టం వైపు చూస్తున్నాడు. నల్లగా ఉన్న పొగ బూడిదరంగుకు తిరిగింది, తర్వాత దాదాపు కనిపించకుండా పోయింది. గేజిలో ముల్లు మెల్లగా పైకి పోయి ఎర్రగీత దగ్గర నిలబడింది. పైనున్న సేఫ్టీ వాల్వు సన్నగా బుస్సుమంది.

"నౌ" అన్నాడు నాయన.

పెద్దావిడ చేతులు దించింది. పెద్దాయన లీవరు తీశాడు.

బురదలో పడున్న తాడు పాములా లేచింది. బిగుసుకుంటుంటే దానిలోని తడి చుక్కలు చుక్కలుగా చిమ్మింది. తర్వాత అది ఒక్కటే గీత అయిపోయింది, మోగడం మొదలుపెట్టింది. ఇంజను మొద్దుల మీద వెనక్కి ఒరిగి కూర్చుంది. అప్పటిదాకా చకచకా వస్తున్న చప్పుడు నెమ్మదించింది. ఛఫ్. ఛఫ్. ఒక్కోదాని మధ్య ఎడం పెరుగుతోంది. ఒక్కో చప్పుడుకూ నా అరికాళ్ల కింద నేల కదిలింది, పక్కటెముకల్లో తెలిసింది. ఫ్లైవీలు ఆకులు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరుగుతోంది. అరుపు లేదు. ఆ పొలంలో పొద్దుటి నుంచి విన్న అరుపుల్లో ఒక్కటీ లేదు. ఆగిపోతుందనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారేమో, జనంలో ఎవరూ మాట్లాడటం లేదు.

నాయన ఒక్కడే కదులుతున్నాడు. ఎడమచేత్తో తలుపు తీయడం, కుడిచేత్తో పార, తలుపు మూయడం. మళ్లీ. రెండు చప్పుళ్ల మధ్య ఉన్న ఎడంలోనే అదంతా అయిపోయేది. తలుపు తీసినప్పుడల్లా తెల్లటి వెలుగు ఆయన ముఖం మీద పడేది, కళ్లు చిట్లించేవాడు కాదు. తల ఎత్తేవాడు కాదు. నడుం వంగిన తీరు, కాళ్లు ఎడంగా పెట్టి మడమల మీద ఆనుకున్న తీరు నేను ఎన్నడూ చూడనివి. అవి అక్కడికక్కడ వచ్చినవి కావు, కొన్ని వేల రోజులవి. నాకు గేజి కనిపిస్తూనే ఉంది. అంత బరువు లాగుతున్నా ముల్లు ఎర్రగీత దగ్గర నుంచి జరగలేదు. అక్కడ అతికించినట్టుంది.

గాజు గొట్టంలో నీటిమట్టం మాత్రం దిగుతోంది. అది చూసి పెద్దాయన ఇంజెక్టరు పిడి మీదికి చెయ్యి చాపాడు. నాయన పార దించకుండానే రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వెయిట్."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంజను మీద ఆ పెద్దాయన నలభై ఏళ్లుగా డ్రైవరు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ లీవరు మీద పెట్టాడు.

ఇంకో నాలుగు చప్పుళ్లు. పొలం మధ్యలోంచి ఒక శబ్దం వచ్చింది. దాన్నెలా చెప్పాలో తెలియదు. నేలే పెద్దగా నోరు తెరిచినట్టు. స్లెడ్జ్ జానెడు జరిగింది. తర్వాత ఇంకో జానెడు. ఒరిగిన పక్క బురద కారుతూ పైకి లేచింది, ఇక ఆగలేదు. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, పొలమంతా దాటుకుని మా వైపు వచ్చేసింది.

"నౌ వాటర్" అన్నాడు నాయన. ఇంజెక్టరు ఈలవేసింది.

జనం అరుపులు అప్పుడు మొదలయ్యాయి. పెద్దావిడ తొడల దాకా బురదతో నడిచొచ్చి, బాయిలరు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. కూరుకుపోయిన రెండు ట్రాక్టర్లనూ కూడా ఆ తర్వాత గంటలో లాగేశారు. నాయన దిగలేదు.

అన్నీ అయ్యాక గడ్డిమోపు మీద కూర్చుని టీ తాగుతుంటే పెద్దాయన వచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. "నేను నీళ్లు అప్పుడే పెట్టుంటే?" అని నన్ను అడగమన్నాడు.

"చన్నీళ్లు పోతే ఆవిరి పడిపోతాది" అన్నాడు నాయన. "ఇంగా నాలుగు వేళ్ల మందం నీళ్లుండాయి. సరిపోతాయని నాకు తెలుసు. ఆయప్పకు చెప్పు, చెయ్యి పట్టుకున్యందుకు ఏమనుకోవద్దని."

చెప్పాను. పెద్దాయన నవ్వి, తన మణికట్టు మీది నల్లటి వేళ్ల గుర్తులు భార్యకు చూపించాడు.

వాళ్లు లేచి వెళ్లాక నేను అడిగాను, "ఇదంతా యాడ నేర్చుకున్నావు నాయనా?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నంద్యాల అవతల గాజులపల్లె దాటాక నల్లమల ఎక్కుడు. మీటరుగేజి బండి, వెనక నిండా సరుకు, ముందు రాళ్లు కలిసిన బొగ్గు. సొరంగంలో పొగకు ఊపిరాడక తడి తువ్వాలు ముఖానికి కట్టుకోవడం. మొదటి నెలలో ఒకరోజు ఆవిరి పడిపోయి అడివి మధ్యలో బండి నిలిచిపోతే, ముసలి డ్రైవరు తిట్టకుండా తన అన్నం గిన్నె ముందు పెట్టి, "తిను, తిన్నాక పొయ్యి దిక్కు చూడు, అదే చెప్తాది" అన్నాడట. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆ డ్రైవరు పేరు తలుచుకోకుండా బండెక్కలేదట. టీ చల్లారిపోయింది.

"ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదే? అమ్మకన్నా తెలుసునా?"

"తెలీదు."

"ఏం, ఎందుకు చెప్పలేదు?"

"ఎవరన్నా అడిగినారా పాపా?" అన్నాడు. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నట్టుంది.

అక్టోబరులో నాయన వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆ దంపతులను భోజనానికి పిలిచాం. పెద్దావిడ గోంగూర పచ్చడి కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిని, మళ్లీ వడ్డించుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గరే ఆవిడ నన్నడిగింది, తన మణికట్లకు వాతం వచ్చింది, వచ్చే వేసవి నుంచి స్టీరింగు నేను పడతానా అని. నాకు సైకిలే సరిగా రాదన్నాను. "దీనికి సైకిల్‌తో పని లేదు" అంది.

తర్వాత ఐదు వేసవులు నేనే పట్టాను. మొదటి ఏడాది దాన్ని రెండుసార్లు కంచెలోకి తోలాను. ఆ స్టీరింగు ఎన్ని చుట్లు తిప్పితే ముందు చక్రం కదులుతుందో అంచనా రావడానికే నెలలు పట్టింది. ఆసుపత్రిలో నా చేతులు చూసి నర్సులు, తోటపని చేస్తున్నావా అని అడిగేవాళ్లు. మొదట్లో కొన్నాళ్లు అవుననేదాన్ని. తర్వాత ఇంజను ఫోటోలు చూపించడం మొదలుపెట్టాను, మా నాయన ఫైర్‌మన్ అని, అంటే ఏమిటో కూడా చెప్పి.

ఆదివారాలు గుంతకల్లుకు ఫోన్ చేస్తే నాయన నా ఆరోగ్యం తర్వాత అడిగేది ఇంజను గురించే. బాయిలరు ఇన్‌స్పెక్షను అయిందా, ఈసారి బొగ్గు ఎట్లుండాది, ఆయప్ప కులాసానా. నేను చెబుతుంటే అమ్మ పక్కనుంచి, "ఫోను నాకిస్తావా లేదా?" అని కేకలేసేది. "ఉండుమే, ఇంజను సంగతి మాట్లాడ్తాండాం" అనేవాడు నాయన. ఒక్కోసారి అమ్మకు ఇంకో పది నిమిషాలు ఫోను దొరికేది కాదు.